ఓడ ఎక్కే ముందు, ఎక్కాక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బరంపురం, ఛత్రపురం, చికిటి వైపు నుంచీ, సరిహద్దుకు ఇవతల ఇచ్ఛాపురం, సోంపేట నుంచీ ఓడ ఉద్యోగాల మీద ఉత్తరాలు వరసగా వస్తున్నాయి. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపి జవాబిస్తున్నాం. రాసినవారి పేర్లు వేయలేదు, ఊరు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా తమ్ముడు విశాఖలో ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సు (ఓడలో కింది స్థాయి నావికుల శిక్షణ) చేశాడు. సీడీసీ, అంటే నావికుడి గుర్తింపు పుస్తకం, వచ్చింది. ఏడాదిగా ఖాళీగా ఉన్నాడు. బరంపురంలో ఒకాయన మూడున్నర లక్షలు కడితే పది రోజుల్లో దుబాయ్‌లో జాయినింగ్ అంటున్నాడు. ఆర్‌పీఎస్‌ఎల్ నంబరు ఉన్న కాగితం కూడా చూపించాడు. సగం ఇప్పుడు, సగం వీసా వచ్చాక అంటున్నాడు. ఇవ్వొచ్చా అండీ?
— ఛత్రపురం

జవాబు: ఇవ్వకండి. ఆయన చూపించిన నంబరు నిజమైనదే అయినా ఇవ్వకండి. ఓడ ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం, అంటే నావికులు ఎంఎల్‌సీ అని పిలిచేది, ఈ మాట సూటిగా చెబుతుంది. మన దేశం దాన్ని 2015 అక్టోబరు 9న ఆమోదించింది, ఏడాది తర్వాత అది ఇక్కడ అమల్లోకి వచ్చింది. నావికుడు తన జేబులోంచి పెట్టుకోవాల్సి వచ్చేవి మూడే: మెడికల్ సర్టిఫికెట్, సీడీసీ, పాస్‌పోర్టు. వీసా ఖర్చు ఓడ యజమానిది. విమానం టికెట్టు కూడా కంపెనీ కొంటుంది. కోర్సు ఫీజు శిక్షణ సంస్థకు కట్టేది, ఉద్యోగానికి దానికీ సంబంధం లేదు. 'డాక్యుమెంటేషన్', 'సీటు బుకింగ్', 'తిరిగిచ్చే డిపాజిట్' అని పేరు మార్చినంత మాత్రాన ఆ డబ్బు న్యాయమైపోదు.

ఇక ఆ నంబరు సంగతి. ఆర్‌పీఎస్‌ఎల్ అనేది నావికులను నియమించుకునే కంపెనీకి ముంబైలోని డీజీ షిప్పింగ్, అంటే కేంద్ర ప్రభుత్వ నౌకాయాన శాఖ కార్యాలయం, ఇచ్చే లైసెన్సు. మన జిల్లాల్లో జరుగుతున్న మోసంలో ఎక్కువ భాగం దొంగ లైసెన్సుతో జరగదు, అసలు లైసెన్సు కాపీతోనే జరుగుతుంది. ముంబైలోనో చెన్నైలోనో ఉన్న నిజమైన కంపెనీ కాగితాన్ని దళారి జెరాక్సు తీసి తన బ్యాగులో పెట్టుకుంటాడు. మీరు వెబ్‌సైటులో వెతికితే నంబరు దొరుకుతుంది, నమ్మేస్తారు. అందుకే నంబరు ఉందని చూసి ఆగిపోకూడదు. డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో ఆర్‌పీఎస్‌ఎల్ జాబితా తెరిచి, లైసెన్సు నడుస్తోందా, సస్పెండు అయిందా, రద్దయిందా చూడండి. అక్కడ రాసి ఉన్న ఫోను నంబరుకే చేయండి, దళారి విజిటింగ్ కార్డు మీద ఉన్నదానికి కాదు. మూడు అడగండి: ఫలానా ఆయన మీ ఉద్యోగేనా, ఫలానా ఓడకు మీరే మనుషుల్ని పంపుతున్నారా, మా తమ్ముడి ఇండోస్ నంబరు (ప్రతి భారతీయ నావికుడికీ ఇచ్చే గుర్తింపు నంబరు) మీ ఎంపిక జాబితాలో ఉందా. ఒక్కదానికి 'తెలీదు' అన్నా అక్కడితో వదిలేయండి.

తర్వాత ఓడ. విదేశాలకు తిరిగే ప్రతి పెద్ద వాణిజ్య ఓడకూ ఏడంకెల ఐఎంఓ నంబరు ఉంటుంది. ఓడ పేరు, జెండా (అంటే ఓడ నమోదైన దేశం), యజమాని ఎన్నిసార్లు మారినా ఈ నంబరు మారదు. అది కల్పించిన నంబరేమో కాగితం మీదే తేల్చుకోవచ్చు. మొదటి ఆరు అంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2 తో గుణించి కూడండి. వచ్చిన మొత్తంలో చివరి అంకె, ఓడ నంబరులో ఏడో అంకె ఒకటే కావాలి. 9074729 అనుకోండి: 63, 0, 35, 16, 21, 4. మొత్తం 139. చివరి అంకె 9, ఓడ నంబరు చివర కూడా 9. సరిపోయింది. ఇది సరిపోయినంతలో ఓడ మంచిదని కాదు, నంబరు గాల్లోంచి పుట్టింది కాదని మాత్రమే. దాని వయసు, జెండా, యజమాని, ఏ ఏ రేవుల్లో ఎన్నిసార్లు ఆపేశారు అన్నవి ఎక్వేసిస్ అనే వెబ్‌సైటులో డబ్బు కట్టకుండానే చూడొచ్చు. పేరు నమోదు చేసుకుంటే చాలు. ఐఎల్ఓ, అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ, నడిపే డేటాబేసులో నావికులను వదిలేసిన ఓడల పేర్లు కూడా ఉంటాయి. అందులో ఆ ఓడ గాని, ఆ యజమాని ఇంకో ఓడ గాని కనిపిస్తే వెళ్ళొద్దు.

చివరిగా వీసా. 'ముందు విజిట్ వీసా మీద దిగు, అక్కడ ఓడ ఎక్కిస్తాం' అన్న మాట వినబడితే అది చాలు. లైసెన్సు ఉన్న కంపెనీ పంపితే మీ తమ్ముడి సైన్ ఆన్, అంటే ఓడలో చేరిన సంగతి, డీజీ షిప్పింగ్ రికార్డులోకి ఎక్కుతుంది. దొంగదారిన వెళ్తే ఎక్కదు. అక్కడ ఏదైనా జరిగితే జవాబు చెప్పే కంపెనీ ఇక్కడ ఉండదు, చేసిన సీ సర్వీసును (ఓడ మీద పనిచేసిన కాలాన్ని) తర్వాత పరీక్షలకు చూపించుకోవడమూ కష్టమవుతుంది. ఏడాది ఖాళీగా ఉండటం బాధే, కాదనం. కానీ అప్పుచేసి మూడున్నర లక్షలు కట్టి వెళ్ళిన పిల్లాడు ఓడలో జీతం రాకపోయినా నోరు తెరవలేడు. ఇంట్లో వడ్డీ గుర్తొస్తుంది. దళారికి కావలసింది కూడా అదే.

ప్రశ్న: ఇప్పటికే లక్షన్నర ఇచ్చేశాం. ఆయన ఫోను ఎత్తడం లేదు. ఆఫీసు విశాఖలో ఉంది, మేము ఉండేది ఒడిశాలో. ఎక్కడ కేసు పెట్టాలి?
— పాత్రపురం

జవాబు: మీ దగ్గరి ఠాణాలోనే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర ప్రక్రియ చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. 'అది ఆంధ్రా కేసు' అని పంపించేయకూడదు. జీరో ఎఫ్ఐఆర్ రాసి వాళ్ళే విశాఖకు పంపుతారు. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఫిర్యాదులో తేదీ, మొత్తం, ఎవరి ఖాతాకు ఏ బ్యాంకు నుంచి వెళ్ళింది, యూపీఐ లావాదేవీ నంబరు, ఆయన పెట్టిన ప్రతి వాట్సాప్ మెసేజీ తేదీ రాయండి. నగదుగా ఇచ్చి ఉంటే ఎవరి ఎదుట ఇచ్చారో రాయండి. చాట్ చెరిపేయకండి, ఆ ఫోను మార్చకండి. అదే ఫిర్యాదు నకలు డీజీ షిప్పింగ్‌కు ఈమెయిలు చేయండి. అసలు కంపెనీ లైసెన్సును దళారి వాడుకుని ఉంటే ఆ కంపెనీకీ పంపండి. తమ పేరు పాడవుతుందన్న భయంతో వాళ్ళు వేగంగా కదులుతారు.

ప్రశ్న: పదో తరగతి సర్టిఫికెట్ కటక్ బోర్డుది. అందులో మా అబ్బాయి పేరు ఒడియా పలుకుబడిలో ఒక రకంగా, ఆధార్‌లో ఇంటిపేరు ముందు పెట్టి ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకుండా ఒక రకంగా ఉంది. సీడీసీకి ఇబ్బందా?
— బరంపురం

జవాబు: ఇబ్బందే, అదీ మన సరిహద్దు పిల్లలకే ఎక్కువగా వచ్చేది. ఒడియా బడిలో టీచరు రాసిన అక్షరక్రమం ఒకటి, తెలుగు ఇంట్లో పలికేది ఒకటి. సీడీసీ కన్నా ముందు ఇండోస్ నంబరు వస్తుంది, ఇండోస్‌లో పేరు ఎలా ఎక్కితే కోర్సు సర్టిఫికెట్లన్నీ అలాగే వస్తాయి. కాబట్టి కోర్సులో చేరకముందే సరిచేయించుకోండి. చేరాక ఐదారు సర్టిఫికెట్లు మార్పించుకోవాల్సి వస్తుంది.

వరస ఇది. పదో తరగతి సర్టిఫికెట్‌లో తప్పు అక్షరం మాత్రమే అయితే బడి హెడ్మాస్టరు ద్వారా బోర్డుకు దరఖాస్తు. పేరే వేరుగా ఉంటే ఒడిశా గెజిట్‌లో పేరుమార్పు ప్రకటన. తర్వాత ఆధార్. ఆ రెండూ పట్టుకుని పాస్‌పోర్టు రీఇష్యూ. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి, పేరు గడి రెండూ నిండి ఉండాలి. ఒకటి ఖాళీగా ఉండి పేరు ఒకే మాటగా ఉన్న పాస్‌పోర్టుతో వచ్చేవారిని విజిట్, టూరిస్టు వీసాల మీద దిగనివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. చాలా ఓడల జాయినింగ్ ఫుజైరాలోనో దుబాయ్‌లోనో ఉంటుంది, వేరే రకం వీసా అయినా ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గర తగువు ఎందుకు? పాస్‌పోర్టు చేతికి వచ్చాక అందులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఇండోస్‌కు పెట్టండి.

ప్రశ్న: జాయినింగ్‌కు రెండు రోజుల ముందు అగ్రిమెంటు పంపారు. పద్దెనిమిది పేజీలు, ఇంగ్లీషు. సంతకం చేసి ఫోటో పంపమంటున్నారు. ఏం చూడాలి?
— గోపాల్‌పూర్

జవాబు: మొదట, చదివి ఎవరినైనా అడిగి తెలుసుకునే వ్యవధి మీ హక్కు. రెండు రోజులు చాలకపోతే ఇంకో రోజు కావాలని ఈమెయిలు రాయండి. సంతకాలు రెండు ఉండాలి: మీది, ఓడ యజమానిది లేదా ఆయన తరఫున అధికారం ఉన్నవారిది. మీ సంతకం మాత్రమే ఉన్న కాగితం అగ్రిమెంటు కాదు. రెండు సంతకాలూ ఉన్న ఒక ప్రతి ఓడలో మీ దగ్గర ఉండాలి, ఇంకొకటి ఇంట్లో.

పద్దెనిమిది పేజీల్లో మీరు వెతకాల్సినవి ఇవి. ఓడ పేరు, ఐఎంఓ నంబరు. యజమాని పేరు, చిరునామా. మీ హోదా: ఓఎస్ (కొత్త డెక్ నావికుడు), ఏబీ (అనుభవమున్న డెక్ నావికుడు), వైపర్, ఆయిలర్ (ఇంజిను గది పనివాళ్ళు), ఏదైతే అది. జీతం అంకె, దాని విడివిడి భాగాలు. ఒప్పందం ముగిసే తేదీ. సెలవు జీతం: పని చేసిన ప్రతి నెలకు కనీసం రెండున్నర రోజులు. ముందుగా మానుకోవాలంటే ఎన్ని రోజుల నోటీసు: ఏడు రోజులకు తగ్గకూడదు. ఇంటికి తిరిగి పంపే బాధ్యత, ఏ విమానాశ్రయం దాకా. ముంబై అని రాసి ఉంటే అక్కడి నుంచి బరంపురం రైలు ఖర్చు మీ మీద పడుతుంది, భువనేశ్వర్ గాని విశాఖ గాని రాయించుకోండి. చికిత్స, ప్రమాదం, మరణం పరిహారం పేరా. యూనియన్ ఒప్పందం ఉంటే దాని పేరు.

జీతం దగ్గర ఆగండి. ఏబీ హోదా నావికుడికి ఐఎల్ఓ వేదిక మీద యజమానులు, యూనియన్లు కుదుర్చుకున్న కనీస బేసిక్ 2025 జనవరి 1 నుంచి నెలకు 673 డాలర్లు, 2026 జనవరి 1 నుంచి 690. ఇది వారానికి 48 గంటల పనికి బేసిక్ మాత్రమే. ఓవర్‌టైము గంటకు బేసిక్ గంట రేటు కన్నా కనీసం నాలుగో వంతు ఎక్కువ ఇవ్వాలి, సెలవు జీతం వేరు. ఇది సిఫారసు గనుక ప్రతి జెండా కిందా ఇదే ఇస్తారని లేదు, మంచి కంపెనీలు యూనియన్ ఒప్పందంతో ఇంతకన్నా చాలా ఎక్కువ ఇస్తాయి. కానీ ఏబీకి 'అన్నీ కలిపి 450' అని రాసిన కాగితం చూస్తే, ఆ కంపెనీ ఎలాంటిదో అక్కడే తెలిసిపోతుంది. 'అన్నీ కలిపి' అన్నప్పుడు అందులో ఎన్ని గంటల ఓవర్‌టైము కలిసిందో అంకెతో ఉండాలి. అది లేకపోతే ఎన్ని గంటలు పని చేయించినా అంతే ఇస్తారు.

ఇంటికి డబ్బు పంపే ఏర్పాటు కూడా అందులోనే రాయించుకోండి. జీతంలో ఎంత భాగం, ఎవరి ఖాతాకు, నెలలో ఏ తేదీకి. అమ్మ ఖాతాకు నెల నెలా పడుతూ ఉంటే, ఆగిన నెలే ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది. అన్నీ ఓడలోనే ఉంచి దిగేటప్పుడు ఇస్తామన్న కంపెనీ తొమ్మిది నెలల తర్వాత ఇవ్వకపోతే ఆ తొమ్మిది నెలలూ పోయినట్టే.

ప్రశ్న: మా గుంటడు ఓడెక్కి ఏడు నెలలైంది. మూడు నెలల నుంచి జీతం లేదు. ఓడ ఒక పరాయి దేశం రేవు బయట లంగరేసి ఉందట. బియ్యం, పప్పు తప్ప ఏమీ లేవు, నీళ్ళు కొలిచి పోస్తున్నారట. కెప్టెను 'వచ్చే వారం వస్తాయి' అంటాడట. నేనేం చేయాలో చెప్పండి బాబూ.
— గంజాం జిల్లా రామయపట్నం, ఒక తల్లి

జవాబు: అమ్మా, వచ్చే వారం దాకా ఆగకండి. రెండు నెలలు జీతం ఆగిపోయి యజమాని సంబంధం తెంచుకుంటే, లేదా తిండి, నీళ్ళు, ఇంధనం లేకుండా వదిలేస్తే, లేదా ఇంటికి పంపే ఖర్చు పెట్టకపోతే, ఈ మూడింటిలో ఏ ఒక్కటి జరిగినా దాన్ని నావికులను వదిలేయడం అంటుంది ఎంఎల్‌సీ. మీవాడికి వర్తించేలాగే ఉంది. మీవాడొక్కడే కాదు. 2024లో ఐటీఎఫ్ (అంతర్జాతీయ రవాణా కార్మికుల యూనియన్ల సమాఖ్య) లెక్కకు వచ్చినవే 312 ఓడలు, 3,133 మంది నావికులు. వాళ్ళలో అందరికన్నా ఎక్కువగా మనవాళ్ళే, 899 మంది.

2017 జనవరి 18 నుంచి ఎంఎల్‌సీ కిందికి వచ్చే ఓడలకు దీని కోసమే బీమా తప్పనిసరి. ఆ బీమా సర్టిఫికెట్ ఇంగ్లీషులో, ఓడలో అందరికీ కనిపించే చోట అంటించి ఉండాలి, మామూలుగా మెస్ రూము బయటి గోడ మీద ఉంటుంది. మీవాడికి ఈరోజే చెప్పండి: ఆ కాగితం నిండుగా ఫోటో తీసి మీకు పంపమనండి. అందులో బీమా సంస్థ పేరు, ఫోను, ఈమెయిలు, గడువు తేదీ ఉంటాయి. నావికుడు యజమానిని అడగకుండా నేరుగా ఆ సంస్థకు రాయొచ్చు.

ఆ బీమా ఏమిస్తుందంటే: ఇంటికి పంపే ఖర్చు, అప్పటిదాకా తిండి, నీళ్ళు, ఓడ మీద బతకడానికి కావలసినంత ఇంధనం, వైద్యం, ఇంకా రావలసిన జీతం. అయితే జీతం నాలుగు నెలలదే ఇస్తుంది. చాలా కుటుంబాలు ఇక్కడే దెబ్బతిన్నాయి. పిల్లలు సిగ్గుపడో, కెప్టెను మీద నమ్మకంతోనో పది నెలలు ఆగుతారు. అప్పుడు బీమా నాలుగు నెలలకిస్తుంది, మిగతా ఆరు నెలలకు కోర్టుకెక్కాలి. మూడో నెలలో మీరు కదిలితే దాదాపు మొత్తం బీమాలోనే వస్తుంది. ఇంకో సంగతి, బీమా మధ్యలో రద్దు చేయాలంటే సంస్థ ఆ ఓడ జెండా దేశానికి కనీసం 30 రోజుల ముందు చెప్పాలి. 'బీమా లేదు, ప్రీమియం కట్టలేదు' అని కెప్టెను అన్నా నమ్మకుండా రాయండి.

ఉత్తరంలో ఏం ఉండాలి? ఓడ పేరు, ఐఎంఓ నంబరు, జెండా. లంగరేసిన చోటు, అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే మంచిది. ఓడలో ఎంతమంది, ఏ దేశాలవాళ్ళు. ఒక్కొక్కరికీ ఎన్ని నెలల జీతం, ఎన్ని డాలర్లు. తిండి ఎన్ని రోజులకు ఉంది, నీళ్ళు ఎన్ని టన్నులు, డీజిల్ ఎంత. జబ్బుపడ్డవారు ఎవరు. అందరూ సంతకాలు పెడితే బలం ఎక్కువ, పెట్టకపోయినా ఒక్కడు రాసినా చెల్లుతుంది. ఇదే ఉత్తరాన్ని ఒకేసారి ఐదు చోట్లకు పంపాలి: బీమా సంస్థ, జెండా దేశపు నౌకా శాఖ, ఓడ ఉన్న రేవు అధికారులు, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం, ముంబైలోని డీజీ షిప్పింగ్. ఐటీఎఫ్ ఇన్‌స్పెక్టరుకు, పంపిన ఆర్‌పీఎస్‌ఎల్ కంపెనీకి నకలు. ఇంట్లోవాళ్ళుగా మీరు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో వేరుగా ఫిర్యాదు నమోదు చేయించండి, ఊళ్ళో చదువుకున్న పిల్లలెవరైనా పది నిమిషాల్లో చేస్తారు. వచ్చిన ఫిర్యాదు నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి.

చేయకూడనివి కూడా చెప్పండి మీవాడికి. 'బాకీలన్నీ ముట్టాయి' అన్న కాగితం మీద డబ్బు ఖాతాలో పడకుండా సంతకం వద్దు. టికెట్టు ఇస్తాం, జీతం ఊరెళ్ళాక అంటే, కెప్టెను సంతకం, ఓడ ముద్ర ఉన్న జీతం బాకీ లెక్క చేతికి తీసుకున్నాకే దిగాలి. కోర్టులో గట్టిగా నిలిచే కాగితం అది. దాని మీద దిగే రోజు తేదీ, మొత్తం బాకీ అంకెలోనూ అక్షరాల్లోనూ ఉండాలి. కోపం వచ్చి పని ఆపడం, ఓడలో వస్తువులు అమ్మడం వద్దు. కొన్ని దేశాల్లో అది నేరమై కూర్చుంటుంది.

ఓడ మన తీరానికి వస్తే సంగతి వేరు. 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం ప్రకారం నావికుడి జీతం ఓడ మీద ఉన్న మొదటి బాకీ. బ్యాంకు అప్పు కన్నా ముందు. పారాదీప్ గాని, గోపాల్‌పూర్ గాని అయితే కటక్‌లోని ఒడిశా హైకోర్టు, విశాఖ అయితే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఓడను కదలకుండా ఆపగలవు, వేలం వేయించగలవు. జీతం రావలసిన తేదీ నుంచి రెండేళ్ళలోగా ఓడను పట్టించాలి, ఆ తర్వాత ఓడ మీద ఆ హక్కు పోతుంది.

ప్రశ్న: ఓడలో రోజూ పద్నాలుగు గంటలు పని. రెస్ట్ అవర్స్ షీటు మాత్రం చీఫ్ ఆఫీసరే నింపి సంతకం చేయమంటాడు. అందులో అంతా సక్రమంగా ఉంటుంది. 'పది గంటల విశ్రాంతి వచ్చిందిగా, ఇంకేంటి' అంటాడు. నిజమేనా?
— ఇచ్ఛాపురం

జవాబు: ఆయన నియమంలో సగమే చెబుతున్నాడు. ఏ 24 గంటలు తీసుకున్నా కనీసం 10 గంటల విశ్రాంతి, ఏ ఏడు రోజులు తీసుకున్నా 77 గంటలు. ఆ పది గంటలూ రెండు ముక్కలకు మించకూడదు, ఒక ముక్క కనీసం 6 గంటలు ఉండాలి. రెండు విశ్రాంతుల మధ్య 14 గంటలకు మించి సాగకూడదు.

లెక్క వేసి చూడండి. మీది 12 నుంచి 4 వాచీ (ఓడ కాపలా డ్యూటీ) అనుకుందాం. అర్ధరాత్రి 12 నుంచి 4 వాచీ. ఉదయం 8 నుంచి 11 హోల్డు (సరుకు గది) క్లీనింగు. మధ్యాహ్నం 12 నుంచి 4 మళ్ళీ వాచీ. సాయంత్రం 5 నుంచి 8 ఓడను రేవుకు కట్టడం. పని 14 గంటలు, విశ్రాంతి సరిగ్గా 10. కానీ ఆ పదీ ఎలా వచ్చాయి? తెల్లవారుజాము 4 నుంచి 8 దాకా నాలుగు, 11 నుంచి ఒకటి, సాయంత్రం 4 నుంచి ఒకటి, రాత్రి 8 నుంచి నాలుగు. నాలుగు ముక్కలు, ఆరు గంటల నిద్ర ఎక్కడా లేదు. అంటే ఉల్లంఘనే. రోజుకు 10 చొప్పున ఏడు రోజులకు 70 అవుతుంది, 77కు అందదు. అది రెండో ఉల్లంఘన. తాళ్ళు తెగి కాళ్ళు పోయే ప్రమాదాలు ఇలాంటి రోజు చివర మూరింగ్ డెక్ (ఓడను తాళ్ళతో కట్టే చోటు) మీదే జరుగుతాయి, నిద్రలేని మనిషికి తాడు బిగువు ఎటు తిరుగుతోందో కంటికి ఆనదు.

ఓడకు, మనుషులకు, సరుకుకు తక్షణ ప్రమాదం ఉంటే కెప్టెను ఎంతసేపైనా పని చేయించొచ్చు, అది ముగిశాక ఆ విశ్రాంతి తిరిగి ఇవ్వాలి. రేవుకు ఆలస్యమవుతోందన్నది ప్రమాదం కిందికి రాదు.

షీటు మీద సంతకం మీది, కెప్టెను అధికారం ఇచ్చిన ఆఫీసరుది ఉండాలి, ఒక ప్రతి మీకు ఇవ్వాలి. అబద్ధపు షీటు మీద సంతకం చేస్తే, రేపు ప్రమాదం జరిగిన రోజు మీరు బాగా నిద్రపోయారని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. చిన్న నోటుబుక్కు పెట్టుకోండి, రోజూ పని మొదలు, ముగింపు రాయండి, ఏం పనో ఒక్క మాట. ఓవర్‌టైము షీటు కాపీ దాచండి. ఓవర్‌టైము షీటులో ఎక్కిన గంట రెస్ట్ షీటులో నిద్రగా ఉంటే పోర్ట్ స్టేట్ కంట్రోల్ ఇన్‌స్పెక్టరు, అంటే రేవుకు వచ్చిన ఓడలను తనిఖీ చేసే అధికారి, ఇట్టే పట్టుకుంటాడు. ఓడలో ఫిర్యాదు పద్ధతి కాగితం ప్రతి నావికుడికీ ఇవ్వాలి, కెప్టెను దగ్గరికి నేరుగా వెళ్ళే హక్కుంది, రేవులో ఇన్‌స్పెక్టరుకు గోప్యంగా చెప్పుకునే హక్కుంది. ఫిర్యాదు చేసినవారిని వేధించడం నిషిద్ధం. అది కాగితం మీదే గదా అంటే, నిజమే, దిగాక మళ్ళీ పిలవకపోవచ్చు. అందుకే పేరు బయటపడని దారి, అంటే రేవు ఇన్‌స్పెక్టరు గాని ఐటీఎఫ్ గాని, చాలామందికి మేలు.

ప్రశ్న: తొమ్మిది నెలల ఒప్పందం అయిపోయింది. బదులు మనిషి దొరకలేదని పదో నెల కూడా ఉంచేశారు. టికెట్టు డబ్బు కోసేస్తామంటున్నారు.
— సోంపేట

జవాబు: ఒప్పందం ముగిశాక ఇంటికి పంపడం యజమాని ఖర్చు. మీరు ఇష్టపడి ఇంకొంతకాలం ఉంటే పొడిగింపు మీద మళ్ళీ సంతకాలు కావాలి. ఎలా చూసినా ఒకే విడతలో ఓడ మీద ఉండే కాలం పన్నెండు నెలలకు తక్కువే ఉండాలి, సెలవు లెక్క తీసేస్తే పదకొండు నెలలు గరిష్ఠమని పరిగణిస్తారు. టికెట్టు డబ్బు ముందుగా డిపాజిట్ కట్టించుకోవడం కుదరదు, జీతంలో కోయడమూ కుదరదు, మీరు పెద్ద తప్పు చేసి రుజువైతేనే కోయొచ్చు. ఇంటికి పంపమని రాతపూర్వకంగా అడిగి, కెప్టెను చేత 'అందింది' అని తేదీతో రాయించుకోండి.

ప్రశ్న: వించ్‌లో (తాళ్ళు లాగే యంత్రంలో) వేలు నలిగింది. ఓడ దింపేశారు, ఇంటికొచ్చి నెలైంది. కంపెనీ ఇప్పుడు 'కాంట్రాక్టు ముగిసి దిగాడు' అంటోంది.
— కవిటి

జవాబు: దిగేటప్పుడు కాగితం మీద కారణం ఏం రాశారన్నదే ఇప్పుడు గొడవంతా. మెడికల్ సైన్ ఆఫ్ (జబ్బు, గాయం వల్ల దిగడం) అని రాసి ఉంటే మీ చికిత్స ఖర్చు కంపెనీది, జీతం కూడా నయమయ్యేదాకా రావాలి. జెండా దేశపు చట్టం ఈ కాలాన్ని కుదించొచ్చు గానీ పదహారు వారాల కన్నా తక్కువ చేయడానికి వీల్లేదు. కాంట్రాక్టు ముగిసిందని రాస్తే మీరు రుజువు చేసుకోవాలి. ఓడ మెడికల్ లాగ్ పేజీ, ప్రమాద నివేదిక, రేవు ఆసుపత్రి చీటీ, తోటి నావికుల వాట్సాప్ ఫోటోలు, ఏది ఉన్నా ఇప్పుడే పోగు చేయండి. తేదీ ఉన్న ఎక్స్‌రే మంచి సాక్ష్యం. బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రిలో చూపించుకుని, గాయం ఎన్నాళ్ళ పాతదో డాక్టరుతో రాయించుకోండి. కంపెనీ డాక్టరుకు చూపించుకోవడానికి చాలా ఒప్పందాల్లో గడువు ఉంటుంది, ఆ పేరా ఈరోజే చూడండి. శాశ్వతంగా వేలు పనికిరాకుండా పోతే దానికి వేరే పరిహారం, దానికీ ఓడలో బీమా సర్టిఫికెట్ ఉంటుంది. తక్కువ మొత్తానికి ఒప్పుకోమని ఒత్తిడి చేయకూడదని ఎంఎల్‌సీలోనే ఉంది.

ప్రశ్న: మేము వేట పడవల వాళ్ళం. మా ఊరివాళ్ళు గుజరాత్ వేరావల్ బోట్ల మీద ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా ఉంటారు. మీరు చెప్పే ఎంఎల్‌సీ మాకు వర్తిస్తుందా?
— ఆర్జీపల్లి

జవాబు: వర్తించదు. చేపల వేట పడవలను ఆ ఒప్పందం నుంచి మినహాయించారు. వేట పనివాళ్ళ కోసం ఐఎల్ఓ 188వ ఒప్పందం వేరుగా ఉంది, 2007లో చేశారు, 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది, కానీ మన దేశం దాన్ని ఆమోదించలేదు. అంటే సరుకు ఓడలో పనిచేసే కుర్రాడికి ఉన్న రాతపూర్వక ఒప్పందం, విశ్రాంతి గంటలు, వదిలేస్తే బీమా ఇవేవీ మీకు అదే రూపంలో లేవు. పని మాత్రం అంతకన్నా ప్రమాదం. ఇది అన్యాయమనే మా అభిప్రాయం, ఆమోదించమని అడుగుతూనే ఉండాలి.

ఇప్పుడు చేతిలో ఉన్నవి చెబుతాం. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సామూహిక ప్రమాద బీమా ఉంది, 18 నుంచి 70 ఏళ్ళవారికి. మరణానికి, పూర్తి శాశ్వత వైకల్యానికి 5 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి రెండున్నర లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేలు. మీరు కట్టేదేమీ లేదు, కానీ పేరు ఒడిశా మత్స్యశాఖ జాబితాలో ఉండాలి. వేరావల్ రైలెక్కే ముందే ఛత్రపురం జిల్లా మత్స్య కార్యాలయంలో పేరు, నామినీ, బ్యాంకు ఖాతా సరిచూసుకోండి. గుజరాత్‌లో ప్రమాదం జరిగితే అక్కడి పోలీసు పంచనామా, పోస్టుమార్టం నివేదిక లేకుండా శవాన్ని తీసుకువచ్చేయడం మనవాళ్ళు చేసే పెద్ద తప్పు. ఇక్కడికొచ్చాక ఆ కాగితాలు ఎవరూ పుట్టించలేరు.

అడ్వాన్సు విషయం. సరంగు (బోటు నడిపే పెద్ద) దగ్గర ఇంతని తీసుకుని, ఎంత తీరిందో ఎవరికీ తెలియకుండా సీజను గడిపేస్తారు. తీసుకున్న మొత్తం, నెలకు ఎంత కోస్తారు, వాటా ఎలా అన్నది తెల్లకాగితం మీదైనా రాసి సరంగుతో, ఓనరుతో సంతకం చేయించుకోండి. ఒక ఫోటో ఇంటికి పంపండి. బోటు రిజిస్ట్రేషన్ నంబరు, ఓనరు పూర్తి పేరు, తోటి పనివాళ్ళ జాబితా ఇంట్లో ఉండాలి. 2018 నవంబరులో వేరావల్ బోట్ల మీద ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కారు, 2020 జనవరిలో గాని వాఘా దాటి ఇంటికి రాలేదు. అలాంటి సమయంలో ఇంటి దగ్గర బోటు నంబరు తెలిసి ఉంటే, ఏ బోటు, ఎంతమంది అని వెతకడంలో వారాలు పోవు.

ప్రశ్న: ఓడలో తాగే నీళ్ళు కొనుక్కోమంటున్నారు, ఇంటర్నెట్‌కు గంటకు ఇంత అంటున్నారు.
— పర్లాకిమిడి

జవాబు: ఓడ మీద ఉన్నంతకాలం తిండి, మంచి తాగునీరు ఉచితం. నీళ్ళకు డబ్బు తీసుకుంటే నేరుగా ఫిర్యాదే. ఇంటర్నెట్ 2024 డిసెంబరు 23 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో చేరింది. సాధ్యమైనంతవరకు అందించాలి, ఛార్జీ ఉంటే సమంజసంగా ఉండాలి. అంటే ఛార్జీ పూర్తిగా నిషిద్ధం కాదు. బయటి రేటు కన్నా మరీ ఎక్కువ తీసుకుంటే రసీదు దాచి ఫిర్యాదు చేయొచ్చు. అదే సవరణలో ఇంకో మంచి సంగతి, బూట్లు, గ్లౌజులు, సేఫ్టీ హార్నెస్ వంటివి మనిషి కొలతకు సరిపోయేవి ఇవ్వాలి. పొట్టివాళ్ళకు, ఆడపిల్లలకు పెద్ద సైజు బూట్లిచ్చి నిచ్చెనలు ఎక్కించడం ఇకమీదట కుదరదు.